తూటా తూకం కథ

ముందే ఒక మాట చెప్పేస్తా. నాకు తుపాకులంటే ఇష్టం లేదు, పైగా కాస్త భయం కూడా. ఇండియాలో ఉన్నప్పుడు నేను దగ్గర్నుంచి చూసిన తుపాకీ ఏదైనా ఉందంటే అది మా వీధి బ్యాంకు ముందు కుర్చీలో కునుకు తీసే గార్డు ఒళ్ళో ఉండేదే. అది పేలుతుందని నేను ఏ రోజూ నమ్మలేదు :-) అలాంటి వాణ్ణి మొన్నామధ్య ఒక శనివారం పొద్దున్నంతా అమెరికాలో ఒకాయన గరాజ్ లో కూర్చుని రెండొందల రైఫిల్ బుల్లెట్లు ఒక్కొక్కటిగా తూచాను. ఎందుకు తూచానో, తూచాక ఏం చదివానో చెప్పడమే ఈ రాత ఉద్దేశం.

ఆయన మా టీమ్ లో పనిచేసే పెద్దాయన. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. కాల్చేసిన ఇత్తడి ఖోళీలు ఏరుకొచ్చి, వాటిలో మళ్ళీ మందు నింపి, కొత్త బుల్లెట్ బిగించి, తన గుళ్ళు తనే తయారు చేసుకుంటాడు. ఇక్కడ ఇది చాలామందికి మామూలు హాబీయే, మనవాళ్ళు ఆవకాయ పెట్టుకున్నట్టు. బుల్లెట్లు మాత్రం చవగ్గా వెయ్యేసి చొప్పున సంచుల్లో కొంటాడు. చవకవి కాబట్టి అన్నీ ఒకే బరువు ఉండవేమో అని ప్రతిదాన్నీ తూచి, బరువు ప్రకారం డబ్బాల్లో వేరుచేస్తాడు. ఆయన తూచాడు, నేను రాశాను, తర్వాత నేను తూచాను, ఆయన రాశాడు. ఇంటికొచ్చి ఎక్సెల్ లో వేసి గ్రాఫ్ గీస్తే ఒక వింత కనబడింది. బుల్లెట్ మీద రాసిన బరువు 55 గ్రెయిన్లు. గ్రాఫ్ లో 55 దగ్గర ఒక గుట్ట రావాలి కదా? రెండు గుట్టలొచ్చాయి. ఒకటి 55 కి కాస్త ఇవతల, ఇంకోటి కాస్త అవతల. మధ్యలో పల్లం.

ఆ రెండు గుట్టల సంగతేంటో చూద్దామని మొదలెట్టి నాలుగొందల ఏళ్ళ చరిత్రలోకి వెళ్ళిపోయా.

ముందు ఈ గ్రెయిన్ అంటే ఏంటి? గ్రెయిన్ అంటే గింజే. ఒకప్పటి బార్లీ గింజ బరువు. ఒక పౌనుకి 7000 గ్రెయిన్లు. మన లెక్కలో ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. ఇంగ్లీషు వాడు బార్లీ గింజతో తూచాడు, మన కంసాలి గురివింద గింజతో తూచాడు. మా అమ్మమ్మ తన నానుతాడు బరువు ఇప్పటికీ తులాల్లోనే చెబుతుంది, గ్రాముల్లో చెప్తే తక్కువైపోయినట్టు ఫీలవుతుంది. ప్రపంచమంతా గ్రాముల్లోకి వచ్చేసినా బుల్లెట్ల వాళ్ళు మాత్రం ఇంకా ఆ బార్లీ గింజనే పట్టుకుని వేలాడుతున్నారు.

ఇంకా తమాషా ఏంటంటే, పాత రోజుల్లో తుపాకీ గొట్టం సైజుని కూడా బరువుతోనే చెప్పేవాళ్ళు. ఒక పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే, ఒక్కో గుండు పట్టే గొట్టాన్ని పన్నెండు బోరు అన్నారు. మన బ్యాంకు గార్డు తుపాకీ అదే. గొట్టం లోపలి వ్యాసాన్ని కచ్చితంగా కొలవడం ఆ రోజుల్లో కష్టం. తూకం మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఉండేది. ఏది కొలవగలమో దాంతోనే అన్నీ చెప్పుకోవడం అన్నమాట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనుంది.

ఆ కాలంలో గుండు బరువు గురించి సైనికుడెవడూ బెంగ పెట్టుకోలేదు. 18వ శతాబ్దపు ఇంగ్లీషు వాళ్ళ బ్రౌన్ బెస్ తుపాకీ గొట్టం ముప్పావు అంగుళం. అందులో వేసే గుండు అంతకన్నా ఒకటిన్నర మిల్లీమీటరు చిన్నది. తొందరగా జార్చి కాల్చడానికి అలా పెట్టారు. లోపల అటూ ఇటూ కొట్టుకుంటూ వెళ్ళే గుండు ఎటు పోతుందో దానికే తెలీదు. ఇక బరువు గ్రెయిన్ ఎక్కువైతేనేం, తక్కువైతేనేం?

చిన్న చిన్న గుళ్ళని ఒకేలా గుండ్రంగా చెయ్యడానికి మాత్రం ఒక ప్లంబర్ భలే ఉపాయం కనిపెట్టాడు. పేరు విలియం వాట్స్, ఊరు బ్రిస్టల్. కరిగిన సీసాన్ని జల్లెడలోంచి చాలా ఎత్తు నుంచి కిందున్న నీళ్ళలోకి వదిలాడు. పడేటప్పుడు తలతన్యత వల్ల చుక్క దానంతటదే గుండ్రమవుతుంది. (బూందీ దూసినట్టే, కాకపోతే బాణలి బదులు నీళ్ళ తొట్టి.) 1782 లో పేటెంట్ తీసుకున్నాడు. ఎత్తు చాలక తన ఇంటి మీదే టవర్ కట్టేశాడు. ఆ టవర్ ని 1968 లో రోడ్డు వెడల్పు చెయ్యడానికి కూల్చేశారు. రోడ్డు వెడల్పు అనగానే చారిత్రక కట్టడాలు కూలడం మనకొక్కళ్ళకే రాసిపెట్టి లేదు.

అసలు కథ రైఫిల్ తో మొదలవుతుంది. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్ళు ఉంటే బుల్లెట్ గిరగిరా తిరుగుతూ తిన్నగా పోతుందని ఎప్పట్నుంచో తెలుసు. కానీ గాళ్ళలో బిగుతుగా పట్టే బుల్లెట్ ని గొట్టం మూతి లోంచి దూర్చాలంటే సుత్తితో కొట్టాల్సిందే. 1849 ప్రాంతంలో ఫ్రెంచి వాడు మీనియే దీనికి దారి చూపించాడు. బుల్లెట్ ని కాస్త వదులుగా చేసి, అడుగున గుంట పెట్టాడు. మందు పేలగానే ఆ గుంట విచ్చుకుని సీసం గాళ్ళలోకి అతుక్కుంటుంది. ఇంగ్లీషు వాళ్ళు ఆ పద్ధతిలోనే 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ చేశారు. దాని బుల్లెట్ 530 గ్రెయిన్లు, అంటే 34 గ్రాములు.

ఎన్‌ఫీల్డ్ అనగానే మనకి స్కూల్ పుస్తకం గుర్తొస్తుంది కదా. బుల్లెట్, మందు కలిపి చుట్టిన కాగితం పొట్లానికి కొవ్వు రాయడం, దాన్ని పళ్ళతో కొరికి విప్పడం, ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న వార్త 1857 జనవరిలో కలకత్తా పక్కన డమ్ డమ్ లో పుట్టడం. పరీక్షలో ఐదు మార్కులకి రాశాం గానీ అసలు కొవ్వు ఎందుకు రాయాల్సొచ్చిందో మాకు ఎవరూ చెప్పలేదు. పాత వదులు గుండుకి అంత బాధ లేదు. ఇది గాళ్ళని ఒరుసుకుంటూ పోయే బుల్లెట్. నాలుగు సార్లు కాల్చేసరికి మందు మసి గాళ్ళలో పేరుకుపోతుంది. కొవ్వు లేకపోతే తర్వాతి బుల్లెట్ లోపలికి దిగదు. గురి కోసం బిగువు, బిగువు కోసం కొవ్వు, ఆ కొవ్వు దగ్గర తిరుగుబాటు. తిరుగుబాటుకి కారణం అదొక్కటే అని కాదు గానీ, నిప్పురవ్వ మాత్రం అక్కడ్నించే లేచింది.

సరే, బరువు దగ్గరికొద్దాం. బుల్లెట్ సూటిగా పోవడం మొదలెట్టాక దాని లోపాలు బయటపడ్డాయి. అచ్చులో పోసిన సీసం చల్లారేటప్పుడు లోపల గాలి బుడగ మిగిలిపోతుంది. పైకి నున్నగా ఉంటుంది, లోపల బోలు. సీసం చాలా బరువు కాబట్టి రెండు మిల్లీమీటర్ల బుడగ ఉన్నా బుల్లెట్ సుమారు 0.7 గ్రెయిన్ తగ్గిపోతుంది (లెక్క వేసి చూశా). మంచి త్రాసు మీద అది ఇట్టే దొరికిపోతుంది. తక్కువ తూగిన బుల్లెట్ ని మళ్ళీ కరిగించెయ్యడమే. అంటే ఆ రోజుల్లో బరువు తూచడం వెర్రి కాదు. బుల్లెట్ ని కోయకుండా లోపలికి చూడ్డానికి ఉన్న ఒకే ఒక్క కిటికీ అది.

తర్వాత మెషీన్లొచ్చాయి. సీసాన్ని కరిగించి పోసే బదులు, గట్టి సీసపు కడ్డీని ముక్కలు చేసి అచ్చులో నొక్కెయ్యడం మొదలెట్టారు. నొక్కితే బుడగలుండవు. 1880 ల్లో పొగరాని మందు వచ్చి వేగం పెరిగాక ఉత్త సీసం గాళ్ళలో చెరిగిపోవడం మొదలైంది. స్విట్జర్లాండ్ వాడు ఎడ్వార్డ్ రూబిన్ అంతకు కాస్త ముందే, 1882 లోనే, సీసం చుట్టూ రాగి తొడుగు వేశాడు. ఇప్పటి రైఫిల్ బుల్లెట్లు చాలావరకు ఆ వంశమే. రాగి రేకుని చిన్న గిన్నెలా నొక్కి, లాగి లాగి పొడుగు గొట్టం చేసి, అందులో సీసపు ముక్క పెట్టి, ముక్కు నొక్కుతారు.

ఇక్కడ ఒక కొత్త జబ్బు పుట్టింది. ఆ రాగి గోడ ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా వస్తే? బుల్లెట్ మొత్తం బరువు మారదు! తూకం నిక్షేపంగా ఉంటుంది. కానీ బరువు మధ్యలో ఉండదు, ఓ పక్కకి జరిగిపోతుంది.

దీని మీద జీవితం ధారపోసిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఫ్రాంక్లిన్ మన్, మసాచుసెట్స్ లో మిల్ఫర్డ్ అనే ఊరు. డాక్టరీ చదివాడు. కోళ్ళ మేతకి ఎముకలు తరిగే మెషీన్ ఒకటి చేసి డబ్బు సంపాదించాడు. ఆ డబ్బంతా ఒక్క ప్రశ్న మీద పెట్టాడు. అదే తుపాకీ, అదే మందు, అదే బుల్లెట్, అయినా ఒకే చోట ఎందుకు తగలవు? మనిషి చెయ్యి వణుకుతుందన్న సాకు లేకుండా తుపాకీ గొట్టాన్ని కాంక్రీటు దిమ్మకి బిగించాడు. దారి పొడుగునా కాయితపు తెరలు కట్టి, బుల్లెట్ ఎక్కడెక్కడ ఎలా ఊగుతోందో చిల్లులు చూసి లెక్కకట్టాడు. కావాలనే బుల్లెట్లని చెడగొట్టి, పక్కన తొలిచి, అడుగు అరగదీసి కాల్చి చూశాడు. 1909 లో అదంతా పుస్తకంగా వేశాడు. తేలిందేంటంటే, సమతూకం తప్పిన బుల్లెట్టే పెద్ద దోషి. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, వందేళ్ళ కిందట ఒంటరిగా కూర్చుని డీబగ్ చేసిన మనిషి. ఒక్కో వేరియబుల్ మార్చి, మిగతావన్నీ కదలకుండా కట్టేసి మరీ.

మన్ చెప్పింది నాకు అర్థం కావడానికి నేనే రెండు లెక్కలు వేసుకున్నా. ఇంటర్ ఫిజిక్స్ చాలు.

మొదటిది బరువు తేడా. 55 గ్రెయిన్ల బుల్లెట్ ఒక గ్రెయిన్ ఎక్కువ తూగిందనుకుందాం. తేడా 1.8 శాతం. మందు అంతే కాబట్టి శక్తి కూడా సుమారు అంతే, వేగం 0.9 శాతం తగ్గుతుంది. వంద గజాలు పోవడానికి ఇలాంటి బుల్లెట్ కి సెకనులో పదో వంతు పడుతుంది. ఆ టైములో అది కిందకి పడేది సుమారు 5 సెంటీమీటర్లు. టైము 0.9 శాతం పెరిగితే పడేది 1.8 శాతం పెరుగుతుంది. అంటే ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ! అంతే. ఆరొందల గజాల పోటీల్లో ఈ తేడా పెరిగి లెక్కలోకొస్తుంది, కాదనను. కానీ సంచీ బుల్లెట్లతో వంద గజాల్లో కాల్చేవాడికి అది కనబడదు.

రెండోది బరువు పక్కకి జరగడం. ఒక అంగుళంలో రెండువేలో వంతు జరిగిందనుకోండి, వెంట్రుక మందంలో ఐదారో వంతు. బుల్లెట్ గొట్టంలో ఉన్నంతసేపూ గొట్టం దాన్ని తన మధ్యన తిప్పుతుంది, కాబట్టి జరిగిన బరువు ఒక చిన్న వృత్తంలో తిరుగుతుంది. గొట్టం దాటగానే వడిసెల వదిలిన రాయిలా అది ఆ క్షణంలో ఎటు తిరుగుతుంటే అటు పక్కకి లాగుతుంది. తొమ్మిది అంగుళాలకి ఒక చుట్టు చొప్పున వంద గజాలకి 400 చుట్లు. ఒక్కో చుట్టుకీ ఆ వృత్తం చుట్టుకొలతంత, అంటే 0.08 మిల్లీమీటరు, పక్కకి. మొత్తం 32 మిల్లీమీటర్లు. పైగా ఒక్కో బుల్లెట్ ఒక్కో పక్కకి.

ఒక పక్క ఒక మిల్లీమీటరు, ఇంకో పక్క 32. త్రాసు మనకి చూపించేది మొదటిదాన్నే.

మరి చవక సంచీ బుల్లెట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? రెండో ప్రపంచ యుద్ధంలో రాగి, సీసం అన్నీ సైన్యానికే పోయాయి, మామూలు వాళ్ళకి బుల్లెట్లు దొరకలేదు. అవసరం వస్తే ఎక్కడైనా జుగాడ్ జుగాడే. కాలిఫోర్నియాలో ఓరోవిల్ అనే ఊళ్ళో ఫ్రెడ్ హంటింగ్టన్ 1943 లో వాళ్ళ నాన్న లాండ్రీ వెనక గదిలో బుల్లెట్లు నొక్కే అచ్చులు చెయ్యడం మొదలెట్టాడు. అదే తర్వాత ఆర్‌సీబీఎస్ అయింది. నెబ్రాస్కాలో జాయిస్ హోర్నడీ, వెర్నన్ స్పీర్ కలిసి, జనం కాల్చి పారేసిన చిన్న పాయింట్ ట్వంటీటూ ఖోళీలు ఏరుకొచ్చి, వాటినే రాగి తొడుగుల్లా వాడారు. యుద్ధం అయ్యాక 1949 లో హోర్నడీ సొంత కంపెనీ పెట్టాడు. యుద్ధం కోసం కొన్న మెషీన్లు ఇలాంటి వాళ్ళకి సర్‌ప్లస్ లో చవగ్గా దొరికాయి. సైన్యానికి కోట్లలో చెయ్యడానికి పుట్టిన పద్ధతి అలా గరాజ్ ల్లోకి వెయ్యి సంచీలుగా వచ్చింది.

ఇప్పుడు ఆ రెండు గుట్టలు. ఒకే మెషీన్, ఒకే అచ్చు అయితే ఒక గుట్టే రావాలి. రెండొచ్చాయంటే నాకు తోచింది ఒక్కటే, రెండు మెషీన్ల సరుకు ఒకే సంచీలో కలిసింది. రెండు మిల్లుల బియ్యం కలిపి అమ్మినట్టు. ఈ సమస్యకి పెద్ద చరిత్రే ఉంది. 1894 లో కార్ల్ పియర్సన్ కి నేపుల్స్ పీతల కొలతలు ఇలాగే వంకరగా వస్తే, ఇందులో రెండు గుంపులు కలిశాయేమో అని వాటిని విడదీయడానికి తొమ్మిదో ఘాతపు సమీకరణం చేత్తో కట్టి సాధించాడు! దానికి ఇంకా మెరుగైన దారి 1948 లో చూపించినవాడు ఎవరో తెలుసా? మన సి. ఆర్. రావు గారే. గూడూరు, నూజివీడు, నందిగామల్లో బడికెళ్ళి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, 1940 లో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళి అక్కడి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ లో చేరిన మనిషి. 2023 లో 102 ఏళ్ళ వయసులో పోయారు. అమెరికా గరాజ్ లో బుల్లెట్లు తూస్తూ విశాఖపట్నం చేరతానని నేను కలలో కూడా అనుకోలేదు.

తర్వాతి శనివారం ఈ లెక్కలన్నీ ఒక కాయితం మీద రాసుకుని, కాస్త గర్వంగానే, పెద్దాయన దగ్గరికెళ్ళా. ఆయన రేంజ్ కి తీసుకెళ్ళాడు. తూచి వేరుచేసినవి కొన్ని, వెయ్యనివి కొన్ని కాల్చాడు. నేను చెవులు మూసుకుని వెనక నిలబడ్డా. అట్టల మీద చిల్లులు చూస్తే ఏది ఏదో నేనైతే చెప్పలేకపోయా. నాలుగు అట్టలతో ఏదీ రుజువు కాదనుకోండి, అది కూడా రావు గారి శాస్త్రమే చెప్తుంది.

"ఇన్నేళ్ళూ ఊరికే తూచారన్నమాట" అన్నాను. ఆయన నవ్వి, నాకు తెలుసు అన్నాడు. వాళ్ళ నాన్న వంటింటి స్టవ్ మీద సీసం కరిగించి అచ్చుల్లో పోసేవాడట. చల్లారాక ప్రతి బుల్లెట్ నీ తూచడం ఎనిమిదేళ్ళ పిల్లాడిగా ఈయన పని. తక్కువ తూగింది దొరికితే, "లోపల దయ్యం ఉంది" అని నాన్న మళ్ళీ గిన్నెలో వేసేవాడట. నాన్న చేసింది కరెక్టే. ఆ బుల్లెట్లలో నిజంగానే బుడగలుండేవి. కొడుకు కొనే బుల్లెట్లలో ఆ దయ్యం లేదు. ఉన్న దయ్యం ఆ త్రాసుకి కనబడదు. అయినా ఆ త్రాసు నాన్నది. ఆయన తూస్తూనే ఉంటాడు, నాకూ దాని మీద ఇంకేం మాట్లాడాలనిపించలేదు.

కానీ ఇంటికొచ్చాక నాకు పట్టుకున్న ఆలోచన వేరే. ఆయన తూచేది ప్రేమ కొద్దీ, నష్టపోయేది ఎవరూ లేరు. మా వృత్తిలో అలా కాదు. ఇంతకు ముందు నేను పనిచేసిన ఒక కంపెనీలో అప్రైజల్ అంటే ఎన్ని బగ్ లు మూశావన్న లెక్కే. ఆ ఏడాది మా టీమ్ లో ఎక్కువ మూసింది నేనే. మంచి రేటింగ్ వచ్చింది. నా పక్క సీటు అబ్బాయి ఏడాదంతా ఒకే ఒక్క సమస్య మీద కూర్చున్నాడు, ఆరు నెలలు పట్టింది, అది తీరాక సగం బగ్ లు రావడమే మానేశాయి. లెక్కలో అది ఒకటే. వాడికి అడుగు రేటింగ్ ఇచ్చారు, మూడు నెలల్లో మానేసి వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. తూకంలో నేను బాగా తూగాను కదా, నాకెందుకు అనుకున్నా. ఎవడో ఒకప్పుడు నిజంగా బుడగలున్న చోట ఆ లెక్క పెట్టి ఉంటాడు. బుడగలు పోయాయి, లెక్క మిగిలింది.

కొలవగలిగేదాన్ని కొలవడం తప్పు కాదు. అది ఏ లోపాన్ని పట్టుకోవడానికి పుట్టిందో మర్చిపోకూడదు, అంతే. మన్ ఇదే పని జీవితమంతా చేశాడు. నేను ఒక్క మీటింగ్ లో చెయ్యలేకపోయా.

ఆ అబ్బాయికి నిన్న రాత్రి ఫోన్ చేశా. ఈ కథంతా చెప్పా. చివరిదాకా విని, "ఇంతకీ ఆ రెండు గుట్టల్లో నేను ఏ గుట్టరా?" అని అడిగాడు. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, నాకు మాత్రం సమాధానం దొరకలేదు.